ఓఎస్ఐ 7 లేయర్లు ఎక్కడా వాడట్లేదంటే మరి మనతో ఎందుకు బట్టీ పట్టిస్తున్నారు?

గుంటూరు_థర్డ్‌ఇయర్:
అందరికీ నమస్తే అండి. గుంటూరులో బీటెక్ సీఎస్ఈ చదువుతున్నా. నిన్న ల్యాబ్ వైవాలో ఓఎస్ఐ (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడే పనిని 7 అంచెలుగా విడగొట్టి చూపే నమూనా) లేయర్లు ఫిజికల్ నుంచి అప్లికేషన్ దాకా గడగడా చెప్పేశా, అప్పుడు ఎక్స్‌టర్నల్ మేడం "సరేమ్మా, మరి నీ ఫోన్‌లో సెషన్ లేయర్ ఎక్కడుందో చూపించు" అన్నారు, నోట మాట రాలేదు. ఇంటికొచ్చి వెతికితే నెట్ అంతా టీసీపీ/ఐపీ అనే నియమాల (ప్రోటోకాల్స్) మీదే నడుస్తుందంట, అందులో 4 లేయర్లేనంట. మరి ఈ 7 ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? మార్కుల కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలనుంది.

బెజవాడ_రౌటర్:
మీ మేడం భలే ప్రశ్న అడిగారు చెల్లీ. 1970ల్లో ఏ కంపెనీ మెషిన్ ఆ కంపెనీ మెషిన్‌తోనే మాట్లాడేది, ఐబీఎంకి ఎస్ఎన్ఏ, డిజిటల్ అనే కంపెనీకి డెక్‌నెట్ అని ఎవరి నెట్‌వర్క్ పద్ధతి వాళ్లది, ఒకసారి ఒకళ్ల దగ్గర కొంటే ఇక జన్మంతా వాళ్ల దగ్గరే కొనాలి. ఆ పీడ వదిలించుకుందామనే 1977లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ఒక సబ్‌కమిటీ వేసింది, చైర్మన్ చార్లెస్ బాక్‌మన్, డేటాబేస్‌ల పనికి కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చినాయన. లేయర్లుగా విడగొడితే ఏ ముక్క ఎవరు చేసినా పక్కదానితో అతుక్కుంటుందని ఆశ. ఆ ఉద్దేశం చాలా గొప్పది, దాన్ని తక్కువ చేస్తే నేనొప్పుకోను. కానీ మోడల్ స్టాండర్డ్‌గా అచ్చయ్యేసరికి 1984 వచ్చేసింది, ఈలోపు 1983 జనవరి 1న ఆర్పానెట్ (ఇంటర్నెట్‌కి ముందున్న అమెరికా నెట్‌వర్క్) టీసీపీ/ఐపీకి మారిపోయింది, అదే ఏడాది దాన్ని బర్క్‌లీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కలిపి ఇచ్చేశారు, యూనివర్సిటీల్లో అందరూ వాడేస్తున్నారు.

పాత_టెలికాం_మనిషి:
బాబు చెప్పింది నిజమే కానీ లేటవడం ఒక్కటే కాదమ్మా, లోపలే పెద్ద పేచీ ఉంది. మన మిర్చి యార్డు లెక్కలో చెప్తా. వంద టిక్కీలు (మిర్చి బస్తాలు) చెన్నై పంపాలనుకో, ఒక్కో టిక్కీ ఒక్కో డేటా ముక్క అన్నమాట. టెలిఫోన్ శాఖల పద్ధతి ఏంటంటే ముందే రూటు ఖాయం చేసుకుని అన్నీ ఆ దారినే వరసగా వెళ్లాలి, దారిలో ప్రతిచోటా లెక్క రాసుకోవాలి, 1976 నాటి ఎక్స్.25 స్టాండర్డ్ అదే. ఫ్రాన్స్‌లో లూయీ పూజాన్ సిక్లాడ్ నెట్‌వర్క్‌లో చేసిందేమో ఏ లారీ దొరికితే దానికి ఎక్కించెయ్, ఒకటి పోయినా అవతల దించుకునేవాడే లెక్క చూసుకుంటాడు, మళ్లీ పంపిస్తారు, అది డేటాగ్రామ్. టీసీపీ రాసిన వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ఈ డేటాగ్రామ్ దారే పట్టారు. ఓఎస్ఐలో మాత్రం రెండు వర్గాల్లో ఎవరూ తగ్గలేదు, చివరికి రెండూ పెట్టేశారు, ఒక్క ట్రాన్స్‌పోర్ట్ లేయర్‌కే 5 క్లాసులు (రకాలు). అంత బరువు ఎవరు మోస్తారు? అమెరికా ప్రభుత్వం 1990లో తన ఆఫీసుల్లో ఓఎస్ఐ ఉండాల్సిందేనంది, 1995కల్లా ఆ పట్టు వదిలేసింది. మన దేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ (విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్) కూడా మొదట్లో ఓఎస్ఐ, టీసీపీ/ఐపీ రెండూ నడిపింది, తర్వాత అంతా టీసీపీ/ఐపీయే అయింది.

గుంటూరు_థర్డ్‌ఇయర్:
టిక్కీలతో చెప్పేసరికి ఇట్టే అర్థమైంది బాబాయ్ గారూ! అంటే ఓఎస్ఐ పూర్తిగా పోయినట్టేనా?

బెజవాడ_రౌటర్:
ఎక్కడ పోయింది, రోజూ నా చేతిలోనే ఉంది కదా! మా కోర్ రౌటర్ల (నెట్‌వర్క్ మధ్యలోని ప్రధాన రౌటర్లు) మధ్య నడిచేది ఐఎస్-ఐఎస్ అనే దారులు వెతికే ప్రోటోకాల్, అది ఓఎస్ఐ వాళ్లదే, కాన్ఫిగర్ చేసేటప్పుడు ఇవాళ్టికీ 49తో మొదలయ్యే ఓఎస్ఐ అడ్రస్ కొడతాం. నీ బ్రౌజర్‌లో తాళం గుర్తు వెనకున్న సర్టిఫికెట్ ఎక్స్.509 అనే స్టాండర్డ్‌ది, అదీ ఆ కుటుంబమే, డైరెక్టరీల కోసం చేసిన ఎక్స్.500 స్టాండర్డ్‌లోంచి వచ్చింది. ఇక లింక్ పడిపోయి రాత్రి రెండింటికి ఫోన్ వస్తే మేం మొదట అడిగేది "లేయర్ 1 చూశావా, కేబుల్ ఉందా" అనే. సెషన్ లేయర్ సంగతి అంటావా, రెండు మెషిన్ల మధ్య సంభాషణ మొదలెట్టి, నడిపి, ముగించే ఆ పని ఇప్పుడు అప్లికేషన్ రాసేవాళ్లే చూసుకుంటున్నారు. వైర్‌షార్క్ (నెట్‌లో వెళ్లే డేటాని చూపించే సాఫ్ట్‌వేర్) వేసుకుని ఒక ప్యాకెట్ (డేటా ముక్క) విప్పి చూడు, ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ, దాని మీద టీఎల్ఎస్ (డేటాకి తాళం వేసే పద్ధతి) కనిపిస్తాయి. ఆ టీఎల్ఎస్‌ని 7లో ఎక్కడ పెట్టాలో మా ఆఫీసులోనే ఒక్కొక్కళ్లు ఒక్కో మాట చెప్తారు, వీలైతే మీ మేడంని అడుగు, ఆవిడేమన్నారో ఇక్కడ రాయి.