అప్‌డేట్: కాపీరైట్ పదాలకు చైనీస్ అనువాదం

కాపీరైట్‌కు చైనీస్‌లో ‘బాన్‌ఛ్వెన్’ రాయాలా, ‘జూజ్వోఛ్వెన్’ రాయాలా అని అడిగాను కదా. రెండూ ఒకటేనని చైనా కాపీరైట్ చట్టం 62వ అధికరణమే తేల్చేసింది! చట్టం పేరులో ఉన్నది రెండోది కాబట్టి నేను అనువదిస్తున్న ఒప్పందమంతటా అదే వాడాను.

అసలు తలనొప్పి ‘రాయల్టీ ఫ్రీ’తో వచ్చింది. మొదటి ప్రతిలో ‘మియెన్‌ఫెయ్’ అని రాశాను. అంటే పూర్తిగా ఉచితమని. తీరా చూస్తే, ఒకసారి రుసుము కట్టాక వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టనవసరం లేదని అక్కడి ఉద్దేశం. ‘మియెన్ బాన్‌ష్వెయ్’ అని మార్చి, పక్కనే ఒక వాక్యం వివరణ చేర్చాను.

కాపీలెఫ్ట్ అంటే, ఎవరైనా వాడుకుని మార్చుకోవచ్చు గానీ మార్చినదాన్నీ అవే షరతులతో పంచాలనే లైసెన్సు పద్ధతి. దానికీ ‘జూజ్వోఛ్వెన్’ అని వినిపించే మాటే దొరికింది. పలకడంలో స్వరం ఒక్కటే తేడా. మధ్య అక్షరంలో మాత్రం ‘ఎడమ’ గుర్తు దాగి ఉంది. ఈ శ్లేష కట్టినవారికి దండం పెట్టాలి.