సమానత్వం పాఠం చెబుతున్నాను, బడిలో మాత్రం అది కనిపించడం లేదు. ఎలా ముందుకు వెళ్లాలి?

ప్రశ్న
(సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయురాలు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఉమ్మడి నల్గొండ జిల్లా)

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ప్రాథమిక హక్కుల పాఠం వచ్చిన ప్రతిసారీ 14, 15, 17 అధికరణలు పిల్లలకు బాగానే వచ్చేస్తాయి. అంటరానితనాన్ని ఏ అధికరణ నిషేధించిందని అడిగితే వెనుక బెంచీలో కూర్చున్న పిల్లవాడు కూడా తడుముకోకుండా పదిహేడు అంటాడు. ఆ వెంటనే మధ్యాహ్న భోజనం గంట కొడితే అదే పిల్లలు పళ్లేలు పట్టుకొని ఏ వాడ పిల్లలు ఆ వాడ పిల్లలతోనే చెట్టు కింద వరుసలు కడతారు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. ఇలా కాదని చెప్పిన వాళ్లూ లేరు, నాతో సహా.

ఈ ఏడాది కొత్తగా ఏదైనా చేయాలనిపించి ఎనిమిదో తరగతి పిల్లలను జట్లుగా విభజించి మా ఊరి పటం గీయమన్నాను. ఒక జట్టు గీసిన పటంలో రచ్చకట్ట, రామాలయం, పాల కేంద్రం, రైసుమిల్లు, వాటర్ ట్యాంకు, చివరికి బస్టాండు పక్కనున్న టైలరు కొట్టు కూడా ఉన్నాయి. చార్టు అంచున మాత్రం ఒక చిన్న డబ్బా గీసి దానిలో 'కాలనీ' అని రాశారు. అందులో ఇల్లు లేదు, దారి లేదు, చెట్టు లేదు. ఆ కాలనీ నుంచి వచ్చే అమ్మాయి ఆ జట్టులోనే ఉంది. చేతిలో పెన్సిలు పట్టుకొని చివరి దాకా అలాగే నిలబడింది, ఒక్క గీత గీయలేదు.

మరుసటి రోజు ఆ పటం గురించి తరగతిలో మాట్లాడదామని మొదలుపెట్టాను. పిల్లలు తలలు దించుకున్నారు. రెండు రోజుల తర్వాత ఇద్దరు పెద్దమనుషులు హెచ్ఎం గారి దగ్గరకు వచ్చి, పిల్లలకు లేని కులాలు ఎందుకు నేర్పిస్తున్నారని అడిగి వెళ్లారు. హెచ్ఎం గారు నన్ను ఏమీ అనలేదు కానీ, జాగ్రత్తగా ఉండమన్నారు.

నా సందేహాలు రెండు. తరగతిలో ఈ సంగతి ఎత్తితే ఆ అమ్మాయి లాంటి పిల్లలను మరింత సిగ్గుపడేలా చేస్తున్నానా? అలాగే, పిల్లలను గ్రామసభకు తీసుకువెళ్లాలని నా కోరిక. గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలని 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. దాన్ని పుస్తకంలో చదవడం కన్నా కళ్లారా చూడడం మేలు కదా అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం
(విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా)

అమ్మా, మీరు రాసిన పటం సంగతి చదివాక చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. తొంభైల మొదట్లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు రాత్రిబడులలో పాఠం చెప్పిన వారిలో నేనూ ఒకడిని. అప్పటి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఒకటి ఉండేది. సారాకు అలవాటుపడిన మగవాళ్ల వల్ల ఆడవాళ్ల సంసారాలు ఏమవుతున్నాయో చెప్పే చిన్న పాఠం. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కూలి పని నుంచి వచ్చి, లాంతరు వెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, తమ ఊరి సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. ఆ దూబగుంట సంగతే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయిందన్నది వేరే సంగతి.

చాలామంది దీన్ని పాఠం సాధించిన విజయంగా చెబుతారు. దగ్గర నుంచి చూసినవాడిగా నేను అలా చెప్పలేను. ఆ ఆడవాళ్లకు సారా వల్ల కలిగే బాధ వాచకం వచ్చాక తెలిసింది కాదు. రోజు కూలి డబ్బు ఇంటికి చేరకుండానే కొట్టు దగ్గర అయిపోవడం వాళ్లు ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు. తమ బాధ అచ్చులో కనిపించడం, పదిమంది ఒకచోట కూర్చొని దాన్ని బిగ్గరగా చదవడం, ఇది నా ఒక్కదాని ఇంటి గొడవ కాదని తెలియడం, ఈ మూడూ ఒకేసారి జరగడం వల్లనే వాళ్లు లేచి నడిచారు. మేం చేసిందల్లా పాఠం అయ్యాక, మరి మన ఊళ్లో సంగతేమిటని అడిగి నోరు మూసుకొని కూర్చోవడమే. మాస్టరన్నవాడికి అలా కూర్చోవడం అన్నిటికన్నా కష్టమని ఆ రాత్రులలోనే నాకు తెలిసింది.

మీ తరగతిలో పిల్లలు తలలు దించుకున్నారని రాశారు. మీరు పాఠం కన్నా ముందు తీర్పు చెప్పారేమోనని నా అనుమానం. అలా కాకుండా, ఈ పటం చూసి కొత్తగా ఊరికి వచ్చిన మనిషి ఏ ఇంటికి వెళ్లగలడు, ఏ ఇంటికి వెళ్లలేడు అని అడిగి చూడండి. జవాబు వాళ్లే చెబుతారు.

రెండవ సమాధానం
(ఒకప్పటి విద్యార్థి, ప్రస్తుతం హైదరాబాదులో ఉద్యోగం)

మేడం, మీ చార్టు మీది డబ్బా లాంటి కాలనీలోనే నేను పుట్టి పెరిగాను. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెబుతాను.

నేను చదువుకున్న బడిలో ఏటా స్కాలర్‌షిప్ దరఖాస్తులు వచ్చే రోజు ఒకటి ఉండేది. క్లాసు టీచరు కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, ఎస్సీ వాళ్లందరూ లేచి నిలబడండి అనేవారు. ఆయన చెడ్డవారు కారు, పని త్వరగా కావాలని అలా అనేవారు. మేం లేచేవాళ్లం. మిగతా నలభై మంది మమ్మల్ని చూసేవాళ్లు. ఆరో తరగతిలో నా పక్కన కూర్చున్న స్నేహితుడు ఆ రోజు దాకా నా ఇంటిపేరు కూడా అడగలేదు, ఆ మర్నాడు అడిగాడు. అదే టీచరు అదే గదిలో మరో పీరియడులో సమానత్వపు హక్కు చెప్పారు. ఆ రెండు పాఠాలలో నాకు ఏది గుర్తుండిపోయిందో వేరే చెప్పనక్కరలేదు.

అందుకని నా విన్నపం ఒక్కటే. పిల్లలకు పాఠం చెప్పే ముందు మీ బడి రోజూ చేసే పనులను ఒకసారి గమనించండి. దరఖాస్తులు ఎలా ఇస్తున్నారు, మరుగుదొడ్లలో నీళ్లు పోయమని ఎవరిని పిలుస్తున్నారు, అతిథులు వచ్చినప్పుడు మంచినీళ్లు తెమ్మని ఎవరికి చెబుతున్నారు, ఇంటికి ఫలానా వస్తువు తెమ్మని ఎవరిని పంపుతున్నారు. వీటిని మార్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఏ పెద్దమనిషీ వచ్చి అడగలేడు. ఇవి మారకుండా 17వ అధికరణ ఎంత బాగా చెప్పినా మాలాంటి పిల్లల చెవికి అది అబద్ధంలాగే వినిపిస్తుంది.

ఇంకొక మాట. మా గురించి పాఠం వచ్చిందంటే ఎప్పుడూ మేం పడిన కష్టాలే వచ్చేవి, తరగతి అంతా జాలిగా చూసేది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేద్కర్ గారు వేల మందితో కలిసి, దళితులను నీళ్లు ముట్టనివ్వని చెరువు దగ్గరకు నడిచి దోసిట నీళ్లు తాగిన సంగతి ఎవరైనా ఆనాడే కథలా చెప్పి ఉంటే బాగుండేది. మన హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ గారు 1910 నుంచే దళిత పిల్లల కోసం బడులు పెట్టారని, 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షత వహించారని, దళితులకు 'ఆది ఆంధ్ర' అన్న పేరు ఆ సభలోనే ఎత్తుకున్నారని నాకు డిగ్రీ అయ్యాక గానీ తెలియలేదు. ఆ అమ్మాయికి ఎనిమిదో తరగతిలోనే తెలిస్తే ఆమె నిలబడే తీరు వేరుగా ఉంటుంది. దయచేసి ఆమెను లేపి, నీ అనుభవం చెప్పమ్మా అని మాత్రం అడగకండి. డబ్బా గీసిన పిల్లలను అడగండి.

మూడవ సమాధానం
(ప్రధానోపాధ్యాయుడు)

పెద్దమనుషుల సంగతికి మాత్రమే జవాబు రాస్తాను. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటు ఉండాలి. ఊరి పటం ప్రాజెక్టును ముందుగా ఆ సమావేశంలో పెట్టి చెబితే, తర్వాత ఎవరు వచ్చి అడిగినా జవాబు మీది ఒక్కరిదే కాకుండా కమిటీదవుతుంది. నిర్మాణాత్మక మదింపులో (ఏడాది మధ్యలో జరిగే ఎఫ్ఏ పరీక్షలలో) ప్రాజెక్టు పనులకు మార్కులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, ఇది సిలబసుకు బయటి పని అనే మాటకూ తావుండదు. పాఠం పేజీ సంఖ్య ప్రణాళికలో రాసి ఉంచండి. మీ హెచ్ఎం గారు జాగ్రత్త అన్నది వద్దనడం కాదని నేను అనుకుంటున్నాను.

నాలుగవ సమాధానం
(డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, ఆంధ్రప్రదేశ్)

గ్రామసభ గురించి మీరు అడిగినదానికి మా కళాశాల అనుభవం ఉపయోగపడుతుందేమో చూడండి. మా రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. అంతకు ముందు నుంచీ జాతీయ సేవా పథకం ఉండనే ఉంది. 1969లో మొదలైన ఆ పథకంలో వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేసి, ఏడు రోజుల శిబిరంలో పాల్గొంటారు. గంటల లెక్కకు లోటు లేదు. మొదటి ఏడాది మా పిల్లలు ఒక ఊళ్లో ఇంటింటికీ తిరిగి ప్రశ్నావళి నింపుతుంటే ఒక ముసలమ్మ, పోయినేడు కూడా మీలాంటి పిల్లలే వచ్చి రాసుకొని పోయారు, ఏమైంది నాయనా అని అడిగింది. పిల్లల దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ ప్రాజెక్టు నివేదికలు చక్కగా బైండింగు చేయించి కళాశాల బీరువాలో పెట్టాం. అవి ఆ ఊరికి ఎన్నడూ తిరిగి వెళ్లలేదు.

ఆ తర్వాతి ఏడాది నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. సేకరించినది ఏదైనా సరే, ఆ ఊళ్లోనే ఒక సాయంత్రం అందరి ముందు చదివి వినిపించాలి, తప్పులుంటే వాళ్లు దిద్దాలి. ఇది నేను కనిపెట్టినదేమీ కాదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీలను 2006 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో చేసిన పద్ధతి ఇదే. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), చెల్లింపుల కాగితాలు చేతపట్టుకొని, శిక్షణ పొందిన యువతీయువకులు ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఇన్ని రోజులు పనిచేసినట్టు ఇక్కడుంది, నిజమేనా అని అడిగి, ఆ తర్వాత బహిరంగంగా చదివేవారు. వాళ్లలో ఎక్కువమంది కూలీల కుటుంబాల పిల్లలే. పౌరశాస్త్రానికి అంతకన్నా మంచి ప్రయోగశాల నేను చూడలేదు.

సమాచార హక్కు దరఖాస్తు రాయించడంలోనూ చాలా నేర్పవచ్చు. మా విద్యార్థి ఒకడు మొదట, మా వీధికి రోడ్డు ఎందుకు వేయడం లేదని రాశాడు. ఎందుకు అని అడిగితే కార్యాలయం జవాబు ఇవ్వనక్కరలేదు, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారాన్ని. అదే ప్రశ్నను, ఫలానా ఏడాదిలో మా పంచాయతీలో మంజూరైన రోడ్డు పనుల జాబితా, అంచనాలు, చెల్లింపుల నకలు ఇవ్వగలరు అని తిరగరాశాం. ముప్పై రోజుల లోపు జవాబు వచ్చింది. పంచాయతీ వాళ్లు ఏ వీధిని వదిలేశారో ఆ కాగితమే చెప్పింది. గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. అయితే మీ పిల్లలు ఎనిమిదో తరగతి వాళ్లు కాబట్టి, ఊళ్లో వాళ్ల పేర్లు బయటపడేలా దరఖాస్తులు పెట్టించవద్దు. రేపు ఏదైనా మాట వస్తే పడేది వాళ్ల తల్లిదండ్రులే.

గ్రామసభలో సభ్యులు ఓటర్లే. మీ పిల్లలు చూడడానికి వెళ్లవచ్చు కానీ, విహారయాత్రకు తీసుకువెళ్లినట్టు తీసుకువెళ్లవద్దు. ముందుగా వాళ్ల ఇళ్లలో గ్రామసభకు ఎవరెవరు వెళతారో, వెళ్లనివారు ఎందుకు వెళ్లరో అడిగి రమ్మనండి. ముఖ్యంగా కాలనీ అమ్మలను. ఆ జవాబులు తెలియకుండా వెళ్లిన పిల్లలకు అక్కడ మైకు, కుర్చీలు తప్ప ఏమీ కనిపించవు.

ప్రశ్న అడిగినవారి జవాబు
(ఐదు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా హైదరాబాదు నుంచి రాసిన తమ్ముడికి చెబుతున్నాను. మీ మాటలు చదివిన మర్నాడే మా బడిలో దరఖాస్తులు ఎలా ఇస్తున్నామో గుర్తు చేసుకున్నాను. మేమూ అలాగే ఇస్తున్నాం. నేనే ఇచ్చాను, ఎన్నోసార్లు. ఇప్పుడు కాగితాలను ఎవరివి వాళ్లకు కవరులో పెట్టి ఆఫీసు గదిలో ఇస్తున్నాం. మంచినీళ్లకు, మరుగుదొడ్లకు రోల్ నంబరు ప్రకారం వంతులు వేశాం. ఇద్దరు ఉపాధ్యాయులకు ఇది నచ్చలేదు, అయినా వంతు జరుగుతోంది. భోజనం దగ్గర మాత్రం నేను కల్పించుకోలేదు. నేనూ పళ్లెం తీసుకొని రోజుకొక వరుసలో కూర్చొని తింటున్నాను. పిల్లలు నా కోసం జరిగి చోటిస్తున్నారు, అంతవరకే.

పటం విషయం కమిటీలో పెట్టాను. ఒక తల్లి లేచి, మా కాలనీ ఎందుకు ఖాళీగా ఉందని తానే అడిగింది. ఆ తర్వాత నెల్లూరు మాస్టారు చెప్పిన ప్రశ్నను తరగతిలో అడిగి ఊరుకున్నాను. డబ్బా గీసిన పిల్లవాడు చాలాసేపటికి, మేం అటు ఎప్పుడూ పోలేదు టీచర్ అన్నాడు. మరి పోయి చూసి వద్దామా అన్నాను. ఆ శనివారం జట్టు మొత్తం వెళ్లింది. దారి చూపించింది ఆ అమ్మాయే.

కొత్త పటంలో కాలనీకి నాలుగు వీధులున్నాయి, చర్చి ఉంది, బోరింగు ఉంది, ఎవరి ఇంటి ముందు వేపచెట్టు ఉందో కూడా ఉంది. పిల్లలు అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, కాలనీ చివరి ఇంటి నుంచి నల్లా నీళ్లు వచ్చే చోటుకు ఆరువందల పన్నెండు అడుగులని పటం మీద రాశారు. ఊళ్లో రచ్చకట్ట పక్కనున్న ఇంటి నుంచి లెక్కిస్తే ముప్పై ఒకటి. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాయమని నేను చెప్పలేదు.

వచ్చే గ్రామసభకు ఆ కమిటీ తల్లి, మరో ముగ్గురు వెళుతున్నారు. పటం నకలు అడిగారు, పిల్లలు కార్బన్ కాగితం పెట్టి గీస్తున్నారు.