ఏడాది నిండేసరికి పరభాషా శబ్దాలకు చెవి మూసుకుపోతుందా?

ప్రశ్న:
మా పాపకు పదో నెల. ఏడాదిలోపు వినిపించకపోతే వేరే భాషల శబ్దాలు ఇక పట్టుబడవని చదివాను. అందరూ 1984 నాటి వెర్కర్, టీస్ ప్రయోగాన్నే చూపిస్తున్నారు. హిందీలోని త, ట తేడాను ఇంగ్లీషు వినే పిల్లలు 6–8 నెలలప్పుడు గుర్తుపట్టారట, 10–12 నెలలకు ఎక్కువమంది పట్టలేకపోయారట. టెన్షన్‌గా ఉంది. విదేశీ భాషల వీడియోలు పెట్టనా?

మొదటి స్పందన:
పెట్టండి, ఆలస్యం చేయొద్దు. జపాన్ పిల్లలు కూడా 6–8 నెలలప్పుడు తమ భాషలో లేని, ఇంగ్లీషులోని ర, ల తేడాను అమెరికా పిల్లలతో సమానంగానే పట్టారు. ఏడాది దగ్గరపడేసరికి వెనకబడ్డారు. పెద్దయ్యాక ఆ తేడా వినడానికి ఎంత కష్టపడతారో తెలిసిందే కదా!

రెండో స్పందన:
ప్రయోగాలు నిజమేనండి, వాటి నుంచి తీసిన అర్థమే సరికాదు. చెవి మూసుకుపోతే ఏ కొత్త శబ్దమూ తెలియకూడదు. 1988లో కేథరిన్ బెస్ట్ బృందం జులూ భాషలోని క్లిక్ శబ్దాలు వినిపించింది. నాలుకతో చప్పరించినట్టుండే ఆ శబ్దాల మధ్య తేడాను ఇంగ్లీషు ఇళ్లలోని 14 నెలల పిల్లలే కాదు, పెద్దలూ పట్టారు. అవి ఇంగ్లీషులోని ఏ హల్లుకూ దగ్గరగా లేవు. త, ట అలా కాదు. ఇంగ్లీషు చెవికి రెండూ ఒకే హల్లులా తోస్తాయి. అంటే పాప వినికిడి పోగొట్టుకోవడం లేదు, తన భాషకు ఏ తేడాలు అవసరమో నేర్చుకుంటోంది. అమెరికా పిల్లలు ర, ల విషయంలో అదే వయసులో ఇంకా మెరుగయ్యారు, ఆ సంగతి మీరు చెప్పలేదు.

ఇక వీడియోలు. ప్యాట్రిషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు 12 విడతలు చైనా మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ శబ్దాల తేడా నేర్చుకున్నారు. అదే వీడియోలో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు. తెర ముందు పాపను కూర్చోబెట్టమని సలహా ఇవ్వడం నాకు బాధగా ఉంది.

మొదటి స్పందన:
వీడియోల మాట ఒప్పుకుంటాను. కానీ తొలి ఏడాదికి విలువే లేదంటారా?

రెండో స్పందన:
ఉంది, చాలా ఉంది. పసితనంలో కొరియన్ విని, తర్వాత నెదర్లాండ్స్‌కు దత్తత వెళ్లినవాళ్లు పెద్దయ్యాక కొరియన్ శబ్దాలను మిగతావాళ్లకంటే త్వరగా నేర్చుకున్నారని 2017లో తేలింది. అలాగని అది చివరి గడువు కాదు. 1991లో రకరకాల గొంతులతో శిక్షణ ఇస్తే జపాన్ పెద్దలు కూడా ర, ల గుర్తించడంలో మెరుగుపడ్డారు. ఇంట్లో రెండో భాష మాట్లాడేవాళ్లుంటే పాపతో అందులోనే మాట్లాడమనండి. లేకపోతే మీ భాషలోనే హాయిగా కబుర్లు చెప్పండి.