పని లేనోళ్ల ఇండ్లకు పోతే ఏం అడగాలె?

జగిత్యాల_యువత:
మా సంఘం తరఫున పని లేనోళ్ల ఇండ్లకు పోతున్నం. గల్ఫ్ నుంచి వాపసొచ్చినోళ్లు, గ్రూప్స్‌కు చదివే పిల్లలు, బీడీలు చేసే ఆడోళ్లు. "మనసు బాగుంటలేదా?" అంటే అందరిదీ ఒక్కటే జవాబు, "ఏం లేదు, మంచిగనే ఉన్న." ఎట్ల అడగాలె? దవాఖానకు ఎప్పుడు పంపాలె?

హన్మకొండ_కౌన్సెలర్:
మనసు మాట ఎత్తకు తమ్మీ, నిద్ర అడుగు. తెల్లారగట్ల మూడింటికే మెలకువయి మళ్ల పడ్తలేదా, అన్నం సయిస్తలేదా, దేని మీదా బుద్ధి పోతలేదా. ఇవి రెండు వారాలు దాటితే పీహెచ్‌క్యూ-9, అంటే మనసు కుంగుబాటు కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం నింపించు. 27కు 10, ఆపైన వస్తే డాక్టరుకు చూపియ్యాలె. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. అండ్ల సున్నా కాకుంటే మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే పంపు, ఇంట్లున్న పురుగుల మందు డబ్బా బయటికి తీయించు. సూటిగ అడిగితే లేని ఆలోచన పుడ్తదన్నది వట్టి భయం.

గల్ఫ్ ఇంట్ల ముందు అప్పు అడగాలె: ఎవరి దగ్గర, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ, ఇంటామె బంగారం కుదువ పెట్టిండ్రా. ఆ లెక్క కాగితం మీదికి రాకుండ ధైర్యం చెప్పి లాభం లేదు. గ్రూప్స్ పిల్లగాడు పెండ్లిళ్లకు పోవుడు బంద్ చేసిండంటే కనిపెట్టాలె. "ఇప్పుడేం చేస్తున్నవ్?" అన్న మాటకే వాడు జడుస్తడు.

ఓరుగల్లు_అక్క:
బీడీ కార్ఖానా ఆకు తక్కువిచ్చి పని దినాలు కోస్తే ఆమెను ఎవరూ నిరుద్యోగి అనరు. చాట పక్కకు పెట్టినా వంట, నీళ్లు, పిల్లలు ఆగుతరా? ఆమె చెప్పేది తలనొప్పి, గుండెదడ. ఆర్‌ఎంపీ దగ్గర సూదులేయించుకుంట తిరుగుతది.

ఆస్ట్రియాల మారియెంతాల్ అనే ఊర్ల బట్టల మిల్లు మూతపడ్డంక మారీ యహోదా అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె తోటోళ్లు చేసిన పరిశీలన 1933ల అచ్చయింది. తీరిక పెరిగినా లైబ్రరీ పుస్తకాలు తీసుకపోవుడు తగ్గింది. మగోళ్ల నడక మందగించింది, ఇంటి పనున్న ఆడోళ్లది అంత కాలేదు. అందుకే గ్రూప్స్ పిల్లగానికి "ఖాళీగనే ఉన్నవ్ గద, చదువుకో" అనకుండ్రి. జీతం తక్కువైనా సరే, పొద్దున టైముకు ఇల్లు దాటే పని చూపియ్యుండ్రి.

హన్మకొండ_కౌన్సెలర్:
కల్లు సంగతి ఎవ్వరూ అనలే. మన దిక్కు కొన్ని దుకాణాలల్ల అల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మందులు కలుపుతరు. పని పోయి పైసల్లేక ఒక్కసారి బంద్ చేస్తే రెండు మూడు రోజులల్ల చేతులు వణుకుడు, నిద్ర లేకపోవుడు, పొంతన లేని మాటలు, ఫిట్స్. ఇంటోళ్లు రంది వెట్టుకొని పిచ్చి లేసిందనుకుంటరు, తాయెత్తు కట్టిస్తరు. బలవంతంగ మాన్పియ్యొద్దు, డాక్టరు మందిచ్చి మెల్లగ తగ్గిస్తడు.

జగిత్యాల_యువత:
రాత్రిపూట ఫిట్స్ వస్తే?

హన్మకొండ_కౌన్సెలర్:
పక్కకు తిప్పి పండబెట్టి 108కు చెయ్యి. నోట్లె నీళ్లు, చెంచా ఏదీ పెట్టొద్దు, చేతిల తాళంచెవులు పెట్టినా ఫాయిదా లేదు. ఆఖరుసారి కల్లు ఎప్పుడు తాగిండో డాక్టరుకు దాచొద్దు. ఉత్తగ మాట్లాడేందుకైతే మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలిమానస్ 14416, రాత్రింబవళ్లు ఉంటరు, తెలుగులనే మాట్లాడొచ్చు.