తెలుగులో ఏఐ వాడేటప్పుడు వచ్చే ఇబ్బందులు: మీరెలా సరిచేసుకుంటున్నారు?

గ్రూప్స్_అనంత (అనంతపురం)
అన్నలూ, అక్కలూ, గ్రూప్-2కి చదువుతున్నాను. నోట్సు కోసం ఫోన్లో ఏఐ యాప్ వాడుతున్నా. పెద్ద జవాబులు సగంలోనే తెగిపోతున్నాయి. చాట్ పొడుగైతే మొదట్లో నేను పెట్టిన షరతులు మర్చిపోతోంది. పైగా లేపాక్షి అనంతపురం జిల్లాలో ఉందని రాసింది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా కదా! ఇట్లాంటివి ఎన్ని దొర్లుతున్నాయో అని టెన్షన్‌గా ఉంది.

బురుజు_డీటీపీ (కర్నూలు)
తమ్ముడూ, మొదటి రెండింటికీ కారణం ఒక్కటే. ఏఐ మన రాతను టోకెన్లనే చిన్న ముక్కలుగా విడగొట్టుకుని చదువుతుంది. అదే విషయానికి ఇంగ్లీషు కంటే తెలుగులో ఎక్కువ ముక్కలు పడతాయి. ఒక్కో జవాబుకూ, మొత్తం చాట్‌కూ టోకెన్ల హద్దు ఉంటుంది, అది మనకు తొందరగా నిండిపోతుంది. తెగిన చోట "ఆగిన వాక్యం నుంచి కొనసాగించు" అని అడుగు. అసలు "రాయలసీమ చరిత్ర మొత్తం రాయి" అనొద్దు. విజయనగర కాలం ఒకసారి, 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదులుకోవడం ఇంకోసారి, అట్లా అడుగు. చాట్ పొడుగైతే తేలిన విషయాలను క్లుప్తంగా రాయించుకుని, షరతులతో కలిపి కొత్త చాట్‌లో పెట్టు.

జిల్లాల సంగతి వేరు. అది నేర్చుకున్న రాతల్లో 13 జిల్లాల నాటివే ఎక్కువ. నాకు యాగంటిని ఇంకా కర్నూలు జిల్లాలోనే చూపించింది, నంద్యాల అనలేదు. వెబ్ సెర్చ్ ఆన్ చేసి అడుగు. లేదా జిల్లా వెబ్‌సైట్‌లోని పేరా పెట్టి "ఇందులో ఉన్నదే చెప్పు, లేకపోతే లేదను" అని రాయి.

తెలుగు_టీచర్ (కడప)
డీటీపీ సార్ చివర చెప్పింది చాలా ముఖ్యం. ఎనిమిదో తరగతి పిల్లల కోసం కోపం మీద వేమన పద్యం అడిగాను. మకుటం చక్కగా అతికించింది గానీ ఆ పద్యం నాకు ఏ సంకలనంలోనూ దొరకలేదు. గణాలు కూడా తప్పాయి. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే రావాలి. ఏఐ పుస్తకం తెరిచి చూడదు, తర్వాత ఏ ముక్క వస్తే బాగుంటుందో అంచనా కట్టి అల్లుతుంది. అందుకే పద్యం నేనే టైప్ చేసి ఇచ్చి భావం, ప్రశ్నలు మాత్రం రాయించుకుంటున్నాను. ఆ పని బాగా చేస్తోంది. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి పాత తెలుగు ప్రతులు సరిచూయించిన ఊరు మనది. లేని పద్యం వేమన పేరుతో పిల్లల నోట్సులోకి ఎక్కడం నేను ఒప్పుకోలేను.

కదిరి_రైతు
చెనిక్కాయకు (వేరుశనగకు) జిప్సం ఎంత వేయాలని అడిగితే నాకు 500 కిలోలు అనింది. ఎకరాకా, హెక్టారుకా అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది హెక్టారుకని. మనకు ఎకరాకు 200 కిలోలు కదా, లెక్క సరిపోయింది. మందుల మోతాదుల్లో ఇట్లా జరిగితే పంటే పోతుంది. ప్రశ్నలోనే "ఎకరాకు, కిలోల్లో" అని రాయండి. పురుగుమందైతే డబ్బా మీది లేబుల్, రైతు సేవా కేంద్రంలో అడగడం, ఈ రెండూ తప్పనిసరి.

గ్రూప్స్_అనంత
అన్నా, ముక్కలుగా అడిగితే తెగడం ఆగింది, థాంక్స్. టీచర్ గారూ, ఇంకో అనుమానం. "కాదు కదా?" అని నేనంటే చాలు, వెంటనే "క్షమించండి, మీరు చెప్పిందే సరి" అంటోంది. సరైన జవాబు కూడా మార్చేస్తోంది.

తెలుగు_టీచర్ (కడప)
అవును బాబూ, ఎదురు చెప్పకుండా ఒప్పుకునే గుణం దానికి ఎక్కువ. నీ అభిప్రాయం ప్రశ్నలో తెలియనివ్వకు. కొత్త చాట్ తెరిచి మామూలుగా "లేపాక్షి ఏ జిల్లా, ఎప్పటి నుంచి?" అని అడుగు. రెండు చాట్‌లలో రెండు రకాలుగా చెబితే పుస్తకం తీయాల్సిందే.

బురుజు_డీటీపీ (కర్నూలు)
ఇంకొకటి. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన మెటీరియల్ కాపీ చేసి పెడితే దానికి పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. 1బీ (భూమి రికార్డు), పాస్‌బుక్ ఫొటోలు పెట్టేవాళ్ళు ఆధార్ నంబరు, ఖాతా నంబరు కనపడకుండా కొట్టేసి పెట్టండి.

కదిరి_రైతు
మా పాత సొసైటీ కాగితాలు అను ఫాంట్లోనే ఉన్నాయి. మార్చి చూసి రేపు ఇక్కడే చెప్తా అన్నా.