ఆవనూనె వెయ్యకపోతే అది ఝాల్‌మురీ అవుతుందా?

గానుగవీధి:
మొన్న హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్తే "కోల్‌కతా ఝాల్‌మురీ" అని బోర్డు కనిపించింది. అదే, బెంగాల్‌లో కారంగా కలిపి అమ్మే మరమరాల మిక్చర్. ఆశగా కొనుక్కున్నాను. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, పైన సన్న కారప్పూస. ఆవనూనె చుక్క కూడా లేదు. అడిగితే "ఇక్కడివాళ్లకి ఆ వాసన పడదు సార్" అన్నాడు. నేను నాలుగేళ్లు కోల్‌కతాలో ఉద్యోగం చేశాను. సాయంత్రం సియాల్దా లోకల్ ఎక్కగానే ఎవరో ఒకరి పొట్లంలోంచి పచ్చి ఆవనూనె వాసన ముక్కుకి తగిలేది, అప్పుడే ఆకలి పుట్టేది. ఆ నూనె లేనిదాన్ని ఝాల్‌మురీ అనకూడదని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

భీమిలి రోడ్డు:
నేను ఒప్పుకోనండీ. మా వైజాగ్ బీచ్‌లో అమ్మేదాన్ని మురీ మిక్చర్ అంటాం. రాయలసీమలో బొరుగులు అంటారు, చాలా చోట్ల మరమరాలు అంటారు. మా దగ్గర మాత్రం మురీ. ఆ మాట ఒడిశా, బెంగాల్ వైపు మాటే. మాట వచ్చింది, డబ్బాలో చెంచాతో టకటకా కలిపే పద్ధతి వచ్చింది, నూనె మాత్రం రాలేదు. తిండి ఊరు మారితే నూనె మారడం మామూలే. దానికి పేరు తీసేస్తామా?

గానుగవీధి:
మీరే చెప్పారు కదండీ, అక్కడ మురీ మిక్చర్ అనే అమ్ముతారని. వాళ్లు కోల్‌కతా పేరు వాడుకోవట్లేదు. నా బాధంతా ఆ బోర్డుతోనే.

సాల్ట్‌లేక్ కోడలు:
నేను బెంగాలీ ఇంటి కోడల్ని, పద్నాలుగేళ్లుగా ఇక్కడ కోల్‌కతాలోనే ఉంటున్నాను. ఒక చిన్న మాట. ఝాల్ అంటే మిరపకాయ కారం. ఆవ ముక్కుకెక్కే ఘాటుని వీళ్లు ఝాఁఝ్ అంటారు. రెండూ వేరు. పేరులో ఉన్నది కారమూ మురీయే, ఆవనూనె ఊసు లేదు. మా అత్తగారికి కడుపులో మంట, అందుకని "నూనె వద్దు బాబూ" అని చెప్పి కొంటారు. అతను నూనె లేకుండానే కలిపిస్తాడు. ఆ పొట్లాన్నీ ఇంట్లో అందరం ఝాల్‌మురీ అనే అంటాం. నన్నడిగితే నూనె కంటే ముఖ్యం వేయించి కొట్టిన మసాలా, పైన గుచ్చే పచ్చికొబ్బరి ముక్క. కొంతమంది పచ్చళ్ల నూనె కూడా వేస్తారు, అది ఇంకా బావుంటుంది.

ఖరగ్‌పూర్ మూడోతరం:
మా తాతగారు శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చారు. మా ఊళ్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మురీ అందరి ఇళ్లలోనూ ఉంటుంది. హావ్‌డా లోకల్లో అమ్మేవాళ్లు కలిపే వరస చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందు డబ్బాలో మురీ, దాని మీద నూనె, మసాలా. ఒకసారి గట్టిగా కుదుపుతారు. ఆ తర్వాతే ఉడికించిన బంగాళాదుంప, నానబెట్టిన శనగలు, కీరా, పచ్చిమిర్చి, ఉల్లిపాయ. నూనె వేసేది ఒక్క ఘాటు కోసమే కాదు. పొడి మురీకి మసాలా అంటదు, డబ్బా అడుగున పడిపోతుంది. నూనె ఉంటే ప్రతి గింజకీ పట్టుకుంటుంది. టమాటా తడి కూడా అంత త్వరగా లోపలికి దిగదు. నూనె మానేసి నిమ్మరసం పిండితే రెండు నిమిషాల్లో అంతా మెత్తబడిపోతుంది. హైదరాబాద్‌లో మీకు దొరికింది అదే అయ్యుంటుంది.

వాసన పడదు అన్న మాటకి మాత్రం నాకు బాధేసింది. అరటికాయలో, పనసపొట్టులో ఆవ పెట్టుకుని తినే మనకి ఆవ ఘాటు పడకపోవడం ఏంటి? వీళ్లకి ఝాల్, ఝాఁఝ్ ఉన్నట్టు మనకీ కారం, ఘాటు విడివిడిగా ఉన్నాయి. మా నానమ్మ మురీలో ఆవకాయ ఊట కలిపేది. నువ్వుల నూనె, ఆవపిండి, కారం, మూడూ అందులోనే. పక్కింటి బెంగాలీ పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లు దాన్ని ఝాల్‌మురీ అనే అడిగేవాళ్లు.

ఎడిసన్ నుంచి:
అమెరికాలో మాకు ఇంకో చిక్కు. ఇక్కడ ఇండియన్ స్టోర్స్‌లో ఆవనూనె సీసా మీద "ఒంటికి రాసుకోవడానికి మాత్రమే" అని ఉంటుంది. అందులో ఎరుసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువని ఇక్కడి ప్రభుత్వం వంటకి ఒప్పుకోదు. మా బెంగాలీ స్నేహితులు ఆ సీసానే కొని వండుకుంటారు. నేను మాత్రం పిల్లలకి పెట్టలేకపోతున్నాను. గానుగవీధి గారి లెక్క ప్రకారం మా పిల్లలు ఝాల్‌మురీ తిననట్టేనా?

గానుగవీధి:
అంత మాట అనలేదండీ. ఇంట్లో పిల్లల కోసం కలుపుకునేదానికీ డబ్బులు తీసుకుని ఊరి పేరు పెట్టి అమ్మేదానికీ తేడా ఉంది. ఖరగ్‌పూర్ గారి మాట చదివాక ఒక మెట్టు దిగుతున్నాను. ఆవ ఉండాలి, అది నూనెగానే ఉండాలని పట్టుబట్టను. ఆవకాయ ఊట నాకు తట్టనే లేదు.

సాల్ట్‌లేక్ కోడలు:
అయితే కాసుంది వేస్తే ఒప్పుకుంటారా? అదీ ఆవముద్దే కదా.

గానుగవీధి:
ఘాటు వరకు ఒప్పుకుంటాను. కానీ అందులో తడి ఎక్కువ, నూనె చేసే పని అది చెయ్యదు.

భీమిలి రోడ్డు:
పేరు విషయంలో నా మాట నాదే. కానీ ఆ ఊట సంగతి వదలబుద్ధి కావట్లేదు. ఖరగ్‌పూర్ గారూ, ఇద్దరికి ఎంత వెయ్యాలి? ఈ ఆదివారం చేస్తాను.

ఖరగ్‌పూర్ మూడోతరం:
రెండు పెద్ద గుప్పిళ్ల మురీకి ఒక చెంచాడు చాలండీ. పైకి తేలిన నూనె ఎక్కువ, అడుగు ముద్ద తక్కువ ఉండేలా తియ్యండి. ఉప్పు విడిగా వెయ్యొద్దు. ఉల్లిపాయ ఆఖర్న.