‘టైమర్ ఇనిషియలైజేషన్’ని ‘ప్రారంభించడం’ అనొచ్చా?

అనంతపురం నుంచి:
నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతాను. పిల్లల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నా. వర్చువల్ మెషిన్‌ను (వీఎం, అంటే కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్) తయారు చేసేటప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల భాగం) దాని టైమర్లను ఇనిషియలైజ్ చేస్తుంది కదా, అంటే వాడకముందు వాటిలో మొదటి విలువలు నింపుతుంది. ‘ప్రారంభించడం’ అని రాస్తే టైమర్ అప్పుడే నడుస్తోందనుకుంటున్నారు. నిజానికి ఇంకా నడవదు. మంచి మాట ఏదైనా చెప్పండి. ‘ప్రారంభీకరణ’ మాత్రం వద్దు, అది ఎవరి నోటా వినలేదు.

కర్నూలు నుంచి:
‘సున్నా చేయడం’ అంటే పోలా సార్? గెస్ట్‌కు (వీఎం లోపల నడిచే సిస్టమ్‌కు) టైం సున్నా నుంచే కదా మొదలయ్యేది.

కడప నుంచి:
కుదరదన్నా. ఆర్మ్ ప్రాసెసర్ మీద లినక్స్ కేవీఎం (వీఎంలను నడిపే లినక్స్ భాగం) సంగతే చూడు. టైం లెక్కపెట్టే అసలు హార్డ్‌వేర్ కౌంటర్ తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది, దాన్నెవరూ ముట్టుకోరు. వీఎం పుట్టినప్పుడు కౌంటర్ ఎంతుందో ఆఫ్‌సెట్‌గా రాసి పెడతారు, అద్దె ఇంట్లో దిగేరోజు కరెంటు మీటర్ రీడింగ్ రాసుకున్నట్టు. గెస్ట్ అడిగినప్పుడల్లా హార్డ్‌వేరే ఆ ఆఫ్‌సెట్ తీసేసి మిగిలింది చూపిస్తుంది. వీఎంలో ఎన్ని వర్చువల్ సీపీయూలున్నా ఆఫ్‌సెట్ ఒక్కటే ఉండాలి. లేకుంటే ఒకదాని మీంచి ఇంకోదానికి మారిన ప్రోగ్రాంకు టైం వెనక్కి పోయినట్టు కనిపించొచ్చు.

ఇంకోటి. ఒక్కో వర్చువల్ సీపీయూకు హోస్ట్ (వీఎంను నడిపే అసలు సిస్టమ్) ఒక హెచ్ఆర్‌టైమర్‌ను (లినక్స్‌లోని సూక్ష్మమైన టైమర్‌ను) పక్కన పెడుతుంది. ఏ గడియారం చూడాలి, గడువు తీరితే ఏ ఫంక్షన్‌ను పిలవాలి, ఇంతే అందులో నింపేది. గడువెప్పుడో అప్పటికి తెలీదు. గెస్ట్ పని లేక నిద్రపోయినప్పుడు దాని గడువు చూసి హోస్ట్ ఈ టైమర్‌ను ‘ఆర్మ్’ చేస్తుంది, అంటే ఆ గడువుకు మోగేలా పెడుతుంది. (ప్రాసెసర్ ఆర్మ్ వేరు, ఈ ఆర్మ్ వేరు. తెలుగు లిపిలో రెండూ ఒకటై కూర్చున్నాయి!) దీనికి విల్లు దగ్గరి మాట మనకు ఉండనే ఉంది, ‘ఎక్కుపెట్టడం’. నేనైతే టైమర్‌ను సిద్ధం చేస్తారు, ఎక్కుపెడతారు, గడువు తీరుతుంది అని రాస్తా.

అనంతపురం నుంచి:
‘ఎక్కుపెట్టడం’ భలే ఉందన్నా. ‘సిద్ధం’ అంటేనే అన్నీ అయిపోయి, ఇక మోగడమే తరువాయి అనిపిస్తోంది. ‘అమర్చడం’ అంటే?

కడప నుంచి:
అదే మేలు. ఫంక్షన్‌ను అమర్చడం, ఆఫ్‌సెట్‌ను అమర్చడం, రెండింటికీ అతుకుతుంది.

కర్నూలు నుంచి:
మరి వీఎంను నడుస్తుండగానే ఇంకో హోస్ట్‌కు మారిస్తే? అక్కడి కౌంటర్ వేరు. గెస్ట్ టైం ఆగినచోటి నుంచి సాగాలంటే ఆఫ్‌సెట్ మార్చాలి. దాన్నీ అమర్చడమే అంటారా?

కడప నుంచి:
లేదన్నా, అది ‘సర్దడం’.